వేమవరం షేల్‌లో పాత సముద్రపు ఒడ్డును గుర్తించడం ఎలా

ఒంగోలుకు ఉత్తరాన, పాత ప్రకాశం జిల్లాలోని బుడవాడ, వేమవరం, పావులూరు గ్రామాల పేర్లతో మూడు శిలా సముదాయాలున్నాయి. అడుగున బుడవాడ ఇసుకరాయి, దానిపైన వేమవరం షేల్ (బురద గట్టిపడి పలుచని పొరలుగా చీలే రాయి), అన్నిటికీ పైన పావులూరు ఇసుకరాయి ఉంటాయి. భూవిజ్ఞాన శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1879లోనే ఈ తీర ప్రాంతపు శిలల గురించి వివరంగా రాశారు. డైనోసార్ల కాలమైన క్రిటేషియస్ యుగం తొలి దశలో భారత భూభాగం అంటార్కిటికా నుంచి విడిపోతున్నప్పుడు సముద్రం లోపలికి చొచ్చుకువచ్చిన ఆనవాళ్లు ఈ రాళ్లలో ఉన్నాయి. ఆ నీరు ఎందాకా వచ్చిందో తేల్చాలంటే ముందుగా రాతి పొరలు వరసగా కనిపించే మంచి కోత దొరకాలి. ఎండకు, వానకు నానిన గుట్ట కంటే కొత్తగా తవ్విన బావి మేలు. యజమాని అనుమతి తీసుకుని, అడుగు నుంచి పైకి ఒక్కో పొర మందం కొలిచి రాసుకోవాలి. ప్రతి నమూనా మీద పై వైపు ఏదో బాణం గుర్తుతో చూపాలి.

అసలు పని శిలాజం దగ్గరే ఉంది. వేమవరం షేల్‌ను పొర వెంట చీలిస్తే, నడిమి ఈనెకు రెండు పక్కలా సన్నని ఆకులు బారుగా అమరిన టైలోఫిల్లమ్ (అంతరించిన ఒక మొక్క) మట్ట అచ్చు కనిపించవచ్చు. దాన్ని చూసి ఆ చోటు అప్పట్లో నేల అని తేల్చేయకూడదు. ఏరు కొట్టుకొచ్చిన ఆకు సముద్రపు బురదలోనూ పడుతుంది. మట్ట చిరగకుండా ఉంటే ఒడ్డు దగ్గరలోనే ఉండి ఉంటుందని మాత్రం అనుకోవచ్చు. అమ్మోనైట్ (చుట్ట తిరిగిన గుల్ల ఉన్న, అంతరించిన సముద్ర జీవి) విషయంలో జాగ్రత్త ఇంకా ఎక్కువ అవసరం. దాని గుల్ల గదుల్లో వాయువు ఉండేది కనుక జీవి చనిపోయాక కూడా అది తేలుతూ చాలా దూరం పోగలదు. బహిరంగ సముద్రంతో సంబంధం ఉందని అది రుజువు చేస్తుందే గానీ, ఆ చోటి నీటి లోతు చెప్పదు.

అందుకే నా దృష్టిలో గట్టి సాక్ష్యం అక్కడి బురదలోనే బతికిన ఫోరామినిఫెరాలది (గుల్ల కట్టుకునే అతి చిన్న ఏకకణ జీవులు). షేల్‌ను చిన్న ముక్కలుగా కొట్టి, బట్టల సోడా కలిపిన నీళ్లలో ఉడికించి, 63 మైక్రాన్ల జల్లెడలో మెల్లగా కడగాలి. మిగిలిన పొడిని ఆరబెట్టి సూక్ష్మదర్శిని కింద చూడాలి. ఇసుక రేణువులు అతికించుకున్న గుల్లలే కనిపించి సున్నపు గుల్లలు లేకపోతే, నీటిలో ఉప్పు తక్కువై ఉండవచ్చు, లేదా సున్నం తరువాత కరిగిపోయి ఉండవచ్చు. ఆ రెండింటిలో ఏదో తేల్చడానికి అదే పొరను మరింత లోతున, నానని రాయిలో మళ్లీ పరీక్షించాలి.

వయసు కలవని పొరలను ఒకే పటంలో చేర్చరాదు. మార్కాపురం పలకరాయి కూడా ఒకనాటి సముద్రపు బురదే అయినా, వంద కోట్ల ఏళ్లకు పైబడినది. వేమవరం పొరలు మాత్రం సుమారు 12 నుంచి 13 కోట్ల ఏళ్ల నాటివి.

చివరగా ఒకే వయసు పొరలున్న చోట్లను పటం మీద గుర్తించి, ఒక పక్క సముద్రపు ఆనవాలు, మరో పక్క ఏటి ఇసుక ఆనవాలు ఉన్నచోట మాత్రమే ఒడ్డును నిండు గీతగా గీయాలి. ఒక పక్కే సాక్ష్యం ఉంటే చుక్కల గీత చాలు. ఈనాడు షేల్ ఆగిపోయిన పడమటి అంచును ఆనాటి ఒడ్డుగా తీసుకోకూడదు, ఎందుకంటే దానికి ఆవల ఉన్న పొరలు కోతకు గురై పోయి ఉండవచ్చు.