తొలి నెలల్లో నడుము నొప్పి: బెల్టు కొనేముందు యూరిన్ చూపించండి

గర్భిణుల ఓపీలో రోజూ వినే మాట: "నడుము లాగేస్తోంది మేడమ్." మూడో నెల నిండకముందే నడుము బెల్టు కొనేసి ఉంటారు, పరుపు మార్చేసి ఉంటారు. ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు తంతే పోతుందని ఎవరో చెబితే, అలాంటివాళ్లను వెతికి నడుము మీద తన్నించుకుని వచ్చేవాళ్లూ ఉన్నారు. యూరిన్ టెస్ట్ చేయించారా అని అడిగితే మాత్రం "నొప్పి నడుములో కదా" అంటారు.

ముందు ఇవి లేవని చూసుకోండి

రక్తం కనబడినా, పొత్తికడుపు బిగపట్టి వదులుతున్నట్టు నొప్పి వచ్చినా ఇంట్లో ఆగొద్దు. పొత్తికడుపులో ఒక పక్కనే గట్టిగా నొప్పి, భుజం కొస దగ్గర నొప్పి, కళ్లు తిరగడం ఉంటే 108కి ఫోన్ చేయండి. గర్భం గర్భసంచిలోనే ఉందని స్కాన్‌లో ఇంకా చూడనివాళ్లకు ఇది మరీ ముఖ్యం, ట్యూబులో నిలిచిన గర్భం ఇలాగే బయటపడుతుంది. చలితో జ్వరం వచ్చినా, కాళ్లలో పట్టు తప్పినా, కూర్చునే చోట తిమ్మిరెక్కినా, మూత్రం రాకుండా ఆగిపోయినా అదే రోజు హాస్పిటల్‌లో ఉండాలి.

ఇవేవీ లేకపోతే, నొప్పి ఎక్కడుందో నోటితో కాకుండా చేత్తో చూపించండి. సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

నడుము మధ్యలో, సాయంత్రానికి ఎక్కువ, పడుకుంటే తక్కువ

ఇది కండరాల నొప్పి. ఈ నెలల్లో పొట్ట బరువు ఇంకా లేదు కాబట్టి దాన్ని అనొద్దు. హార్మోన్ల వల్ల కీళ్లను పట్టి ఉంచే కట్లు వదులవుతాయి, ఆ పని కండరాల మీద పడుతుంది. వాంతులకు భయపడి రోజంతా మంచం మీదే ముడుచుకుంటే ఇంకా పట్టేస్తుంది. డాక్టర్ ప్రత్యేకంగా బెడ్ రెస్ట్ చెప్పి ఉంటే తప్ప, తగినంత నడవండి. వంగి ఊడ్చడం, నిండు బిందె ఎత్తడం మానండి. వేడినీళ్ల బ్యాగును టవల్లో చుట్టి నడుముకు మాత్రం పది, పదిహేను నిమిషాలు పెట్టుకోవచ్చు. ఒళ్లంతా వేడెక్కే ఆవిరి స్నానాలు ఈ నెలల్లో వద్దు. మలబద్ధకం ఉంటే అది కూడా నడుమును లాగుతుంది, ముందు దాన్ని సరిచేసుకోండి.

పిరుదు పైన గుంట దగ్గర, పక్కకి దొర్లితే చురుక్కుమంటుంది

ఇది కటి కీలు. మెట్లెక్కేటప్పుడు, ఒంటికాలి మీద నిలబడి బట్టలు వేసుకునేటప్పుడు, బండి మీద ఒక పక్కకి తిరిగి కూర్చున్నప్పుడు పట్టేస్తుంది. మోకాళ్ల మధ్య దిండు పెట్టుకుని పడుకోండి. లేచేటప్పుడు రెండు మోకాళ్లూ కలిపి పక్కకి తిరిగి, చేత్తో నొక్కుకుని లేవండి. బట్టలు కూర్చుని వేసుకోండి. తగ్గకపోతే గర్భిణులను చూసే ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్లండి, వీధి చివర నడుము విరిచేవాళ్ల దగ్గరికి కాదు.

ఏ భంగిమలోనూ తగ్గదు, లేదా పక్కటెముకల కింద ఒక వైపు బరువు

ఎక్కువమందిని బోల్తా కొట్టించేది ఇదే: మూత్రంలో ఇన్‌ఫెక్షన్.

ఇది దొరక్కపోవడానికి కారణం ఉంది. ఊరికే బాత్రూమ్‌కి వెళ్లాల్సి రావడం తొలి నెలల్లో మామూలే కాబట్టి అది లక్షణంలా అనిపించదు. కాస్త మంట ఉంటే "వేడి చేసింది" అని బార్లీ నీళ్లు, సబ్జా గింజలు, మజ్జిగ మొదలుపెడతారు. నీళ్లు ఎక్కువ తాగితే మంట కొంచెం తగ్గుతుంది కూడా. కానీ బాక్టీరియా లోపలే ఉంటుంది. కొందరికి ఆ మంట కూడా ఉండదు, జ్వరమూ ఉండదు. మిగిలేది నడుము నొప్పి ఒక్కటే, దానికి బామ్ రాస్తూ కూర్చుంటారు.

గర్భంలో మూత్రనాళాలు వదులై మూత్రం నెమ్మదిగా దిగుతుంది. వాంతుల వల్ల తాగే నీళ్లు తక్కువ. దానికి తోడు పని చేసే చోట సరైన టాయిలెట్ లేక పొద్దున్నుంచి సాయంత్రం వరకు ఆపుకోవడం. ఓపీకి వచ్చిన ఒక టీచరమ్మ స్కూల్లో బాత్రూమ్‌కి వెళ్లాల్సి వస్తుందని మధ్యాహ్నం దాకా నీళ్లే ముట్టేది కాదు. నిలబడి పాఠం చెప్పడం వల్లే కుడి పక్క నొప్పి అనుకుని ఫిజియోథెరపీ చేయించుకుంటూ వచ్చింది. వెనక పక్కటెముకలు ముగిసే చోట పిడికిలి అంచుతో మెల్లగా తట్టగానే ఉలిక్కిపడింది. మూత్రంలో బాక్టీరియా ఉందేమో ల్యాబ్‌లో పెంచి చూసే కల్చర్ పరీక్షలో బాక్టీరియా పెరిగింది. మందులు మొదలుపెట్టాక ఆ నొప్పికి నడుము వ్యాయామాలు అక్కర్లేకపోయింది.

చికిత్స లేకుండా వదిలేస్తే ఇది కిడ్నీకి ఎక్కొచ్చు. అప్పుడు చలి జ్వరం, వాంతులు, అడ్మిషన్, సెలైన్‌లో యాంటీబయాటిక్.

టెస్ట్ విషయంలో కూడా ఒక మెలిక ఉంది. ల్యాబ్‌లో "సీయూఈ" అని రాసేది మామూలు యూరిన్ పరీక్ష. అది నార్మల్ అని వచ్చినా ఇన్‌ఫెక్షన్ లేనట్టు కాదు. అనుమానం ఉంటే యూరిన్ కల్చర్ అడగండి. రిపోర్టుకు సుమారు రెండు రోజులు పడుతుంది. యాంటీబయాటిక్ మొదటి మాత్ర వేసుకోకముందే శాంపిల్ ఇవ్వాలి, వేసుకున్నాక ఇస్తే రిపోర్టు మోసం చేస్తుంది.

శాంపిల్ పాడుచేసుకుని రెండోసారి రావడం నేను తరచూ చూసేది. పాత మందుసీసా కడిగి తేవొద్దు, ల్యాబ్ ఇచ్చే సీల్ డబ్బానే వాడండి. ముందు నుంచి వెనక్కి మంచినీళ్లతో కడుక్కోండి. మొదట వచ్చేది వదిలేసి, మధ్యలోది పట్టి, చివరిది మళ్లీ వదిలేయండి. డబ్బా లోపల, మూత లోపల వేలు తగలకూడదు. పట్టాక వెంటనే ఇచ్చేయండి. సంచిలో పెట్టుకుని మార్కెట్ తిరిగొస్తే అందులో బాక్టీరియా పెరిగిపోతుంది. రిపోర్టులో "మిక్స్‌డ్ గ్రోత్" అని ఉంటే చాలాసార్లు శాంపిల్ సరిగా పట్టలేదని అర్థం, టెన్షన్ పడకుండా మళ్లీ ఇవ్వండి.

ఇన్‌ఫెక్షన్ ఉందని తేలితే, కల్చర్‌తో పాటు వచ్చే సెన్సిటివిటీ (ఆ బాక్టీరియా ఏ మందుకు లొంగుతుందో చెప్పే రిపోర్టు) చూసి గర్భంలో వాడదగిన మందు డాక్టర్ రాస్తారు. ఇంట్లో మిగిలిన స్ట్రిప్, మెడికల్ షాపువాళ్లు ఇచ్చే నార్‌ఫ్లాక్సాసిన్, సిప్రోఫ్లాక్సాసిన్ లాంటివి వేసుకోవద్దు. రెండో రోజుకే నొప్పి పోయిందని ఆపేయొద్దు, కోర్సు పూర్తి చేయండి. అయిపోయిన వారానికి మళ్లీ కల్చర్ చేయించాలి. ఈ చివరి పని ఎగ్గొట్టేవాళ్లే ఐదో నెలలో అదే నొప్పితో తిరిగొస్తారు.

నొప్పి మాత్రలు

పారాసెటమాల్ ఒక్కటి డాక్టర్ చెప్పిన మోతాదులో, అవసరమైనన్ని రోజులే. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ సొంతంగా వద్దు. పారాసెటమాల్‌కు ఇవి కలిపిన మాత్రలు షాపుల్లో మామూలుగా దొరుకుతాయి కాబట్టి పేరు కాదు, స్ట్రిప్ వెనక చిన్న అక్షరాలు చదవండి. పూతమందుల్లో, స్ప్రేల్లో కూడా డైక్లోఫెనాక్ ఉంటుంది. ఊళ్లో వేసే నొప్పి ఇంజెక్షన్ చాలాసార్లు అదే, గర్భం అని ముందే చెప్పండి.

మిగతావి

కిడ్నీలో రాయి అయితే నొప్పి అలలుగా వచ్చి గజ్జల్లోకి దిగుతుంది, మెలికలు తిరిగిపోతారు. అల్ట్రాసౌండ్‌లో చూస్తారు. డిస్క్ జారడం ఈ నెలల్లో అరుదు. కాలి కిందికి కరెంటు షాక్‌లా నొప్పి పాకితే డాక్టర్‌కి చెప్పండి, లేకపోతే దాని గురించి ఆలోచించక్కర్లేదు. ఎక్స్‌రే తీస్తామని ఎవరైనా అంటే మాత్రం టేబుల్ ఎక్కకముందే ఎన్నో నెలో చెప్పండి.