క్వేకర్ మీటింగ్‌తో కలిసి పనిచేయాలంటే

అమెరికాలోనో ఇంగ్లండ్‌లోనో ఉంటూ, దగ్గర్లో ఉన్న క్వేకర్లు (ఇదొక క్రైస్తవ శాఖ, వాళ్ళ స్థానిక సంఘాన్నీ ప్రార్థన కూడికనూ కూడా మీటింగ్ అనే అంటారు) వలసవచ్చినవాళ్ళ కోసమో జైల్లో ఉన్నవాళ్ళ కోసమో ఏదో చేస్తున్నారని విని మనమూ ఓ చెయ్యి వేద్దాం అనుకునేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. మతం మారమని ఎవరూ అడగరు, ఆ టెన్షన్ పెట్టుకోకండి. అసలు పరీక్షంతా ఓపికకే.

ముందు కొన్ని ఆదివారాలు ఊరికే వెళ్ళి కూర్చోండి. పాస్టర్లు, పాటలు ఉండే క్వేకర్లూ ఉన్నారు, కెన్యాలో ఎక్కువమంది అలాంటివాళ్ళే. నేను చెప్పేది మౌనంగా కూర్చునే మీటింగ్‌ల గురించి. దాదాపు గంటసేపు ఎవరూ మాట్లాడరు, లోపల నుంచి మాట వచ్చినవాళ్ళు లేచి నాలుగు ముక్కలు చెప్పి కూర్చుంటారు, దానికి ఎవరూ జవాబివ్వరు, మీరూ ఇవ్వకండి. చివర్లో ఒకరికొకరు చేతులు కలుపుకున్నాక ప్రకటనలు ఉంటాయి. శాంతి, సామాజిక విషయాల కమిటీ ఎవరు చూస్తున్నారో అడగాల్సింది అప్పుడే. సార్, మేడమ్ అనక్కర్లేదు. ఎనభై ఏళ్ళ పెద్దాయననైనా పేరు పెట్టే పిలుస్తారు. మనకు మొదట్లో నోరు రాదు గానీ, పదిహేడో శతాబ్దంలో దొరల ముందు టోపీ తీసేది లేదని మొండికేసినవాళ్ళ వారసులు మరి.

ఇక అసలు విషయం. మీ దగ్గర మంచి ఆలోచన ఉంటే దాన్ని బడ్జెట్‌తో సహా తయారుచేసి తీసుకెళ్ళి బల్ల మీద పెట్టకండి. ఎవరికి ఏ కష్టం ఉంది, వాళ్ళు స్వయంగా ఏం కావాలంటున్నారు, మీకు ఎలా తెలిసింది, ఈ మూడే చెప్పండి. కమిటీకి సరే అనిపిస్తే అది నెలకోసారి జరిగే నిర్ణయాల సమావేశానికి వెళ్తుంది. అక్కడ ఓటింగ్ ఉండదు. క్లర్క్, అంటే సమావేశాన్ని నడిపే సభ్యుడో సభ్యురాలో, పిలిచాకే మాట్లాడాలి, అదీ అందరినీ ఉద్దేశించి, ముందు ఒకరు చెప్పేసిన మాటే మళ్ళీ చెప్పకుండా. ఒక దశలో క్లర్క్ తల వంచుకుని రాయడం మొదలుపెడతారు, గది మొత్తం నిశ్శబ్దంగా ఎదురుచూస్తుంది, రాసింది పైకి చదువుతారు. "మద్దతిస్తాం అని ఉంది, డబ్బుతోనా మనుషులతోనా?" అని ఎవరో అడుగుతారు. ఆ వాక్యం కొట్టేసి మళ్ళీ రాస్తారు, మళ్ళీ చదువుతారు. అందరూ ఒప్పుకున్న ఆ నాలుగు వాక్యాలనే మినిట్ అంటారు. అది లేకుండా మీటింగ్ పేరు మీద ఉత్తరం రాయడం, ఊరేగింపులో బ్యానర్ పట్టుకోవడం కుదరదు. మీ సొంత పేరుతో అయితే ఈరోజే చేసుకోవచ్చు.

ఈ నెమ్మదితనాన్ని కొందరు గొప్పగా చెబుతారు, నేను మాత్రం పూర్తిగా ఒప్పుకోను. 1688లో పెన్సిల్వేనియాలోని జర్మన్‌టౌన్‌లో నలుగురు బానిసత్వానికి వ్యతిరేకంగా ఒక పత్రం రాసి సంతకాలు పెట్టారు. స్థానిక మీటింగ్ ఇది మాకు మించిన విషయం అని పై సమావేశానికి పంపింది, వాళ్ళు ఇంకా పైకి పంపారు, అక్కడ పక్కన పెట్టేశారు. బానిసలను విడిచిపెట్టని సభ్యులను బయటికి పంపాలని ఆ ప్రాంతపు మీటింగ్‌లన్నిటికీ పైదైన ఫిలడెల్ఫియా వార్షిక సమావేశం తేల్చింది 1776లో. అందుకే మీ విషయాన్ని "ఇంకో కమిటీకి పంపుదాం" అన్నారంటే ఎవరు చూస్తారు, ఏ నెలలో తిరిగి తెస్తారు అన్నది మినిట్‌లోనే రాయించండి. మర్యాదగానే అడగండి, కానీ వదలకండి.

వేరే మతాలవాళ్ళతో కలిసి చేసే పనిలో చిక్కులు వేరు. శుక్రవారం మధ్యాహ్నం మసీదువాళ్ళకు, శనివారం యూదులకు, ఆదివారం పొద్దున చర్చిలకు కుదరదు కాబట్టి వారం మధ్యలో ఒక సాయంత్రం పెట్టండి, రంజాన్ ఎప్పుడొస్తుందో ముందే చూసుకోండి. క్వేకర్లు తమకు అలవాటు కదా అని మౌనంతో మొదలుపెట్టేస్తారు. కొత్తవాళ్ళకు అది ఇబ్బంది, ఏదో తప్పు జరిగిందేమో అని అటూ ఇటూ చూస్తుంటారు. "మూడు నిమిషాలు మౌనంగా కూర్చుందాం, మీ ప్రార్థన మీరు మనసులో చేసుకోవచ్చు" అని ముందే చెబితే సరిపోతుంది. అందరి చేతా ఒకే ప్రార్థన చదివించాలన్న ఉత్సాహం మాత్రం వద్దు.

నిజానికి కూర్చుని మతాల గురించి మాట్లాడుకోవడం కన్నా కలిసి ఏదైనా పని చేస్తేనే స్నేహం నిలబడుతుంది. 2025 జనవరిలో, ప్రార్థనా స్థలాల్లో వలస అధికారుల సోదాలకు ఉన్న పరిమితులను అమెరికా ప్రభుత్వం ఎత్తేసినప్పుడు కొన్ని క్వేకర్ సంఘాలు కోర్టుకెళ్ళాయి. తర్వాత ఒక బాప్టిస్టు సంఘం, కాలిఫోర్నియాలోని ఒక గురుద్వారా కూడా ఆ కేసులో చేరాయి. ఫిబ్రవరిలో మేరీలాండ్ ఫెడరల్ జడ్జి ఆ కేసు వేసినవాళ్ళ వరకు తాత్కాలికంగా ఊరట ఇచ్చారు. మీ ఊళ్ళో ఇంత పెద్దది అక్కర్లేదు, కోర్టు వాయిదాకు వెళ్ళే కుటుంబానికి తోడుగా ఇద్దరు వెళ్ళినా పనే.

అమెరికాలో అయితే ఒక జాగ్రత్త: చట్టాల గురించి, విధానాల గురించి మాట్లాడవచ్చు గానీ, మీటింగ్ పేరుతో ఎన్నికల్లో ఫలానా అభ్యర్థికి ఓటేయండి అనకూడదు, పన్ను మినహాయింపుకే ఎసరు రావచ్చు. సాయం చేసేచోట మతబోధ కూడా పెట్టకండి. 1947లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్న రెండు క్వేకర్ సంస్థలూ యుద్ధంలో ఎటువైపువాడని చూడకుండా ఆకలిగా ఉన్నవాళ్ళకు అన్నం పెట్టినవే.

ఏడాదికోసారి పని ఎక్కడిదాకా వచ్చిందో మీటింగ్‌కు చెప్పండి. అవసరం తీరిపోతే, లేదా చేసేవాళ్ళు ఇద్దరే మిగిలి అలసిపోతే, కమిటీని మూసేస్తున్నామని ఇంకో మినిట్ రాయించి ఆపేయండి. క్వేకర్లలో అది మామూలే, ఎవరూ తప్పుపట్టరు.