సోవియట్ ఫ్యాక్టరీల కొత్త మిషన్ ఎందుకు రాలే: ఆన్సర్ ఎట్ల రాయాలె

గ్రూప్స్ రాసే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఈ ప్రశ్నకు చానమంది "పోటీ లేదు, లాభాపేక్ష లేదు" అని రెండు ముక్కలు రాసి పక్కకు జరుగుతరు, నల్గొండ లైబ్రరీల కూసొని నేను గూడ గట్లనే రాసేటోన్ని, మార్కులు వడలే.

ముందుగాల మన ఆసు మిషన్, అంటే చీర నేసే ముందు దారం చుట్టే మిషన్, యాది చేసుకోండి. ఆలేరు దిక్కు చింతకింది మల్లేశం అన్న, ఒక్క చీరకు 9 వేల సార్ల దాకా అటు ఇటు చెయ్యి తిప్పి వాళ్లమ్మ భుజం పడిపోతుంటే చూడలేక 1999ల తయారు చేసిండు, ఆమె పేరే పెట్టిండు, 2017ల పద్మశ్రీ వచ్చింది. ఇప్పుడు గసొంటి మిషన్ ఒకటి సోవియట్ మిల్లుకు వచ్చిందనుకోండి, డైరెక్టర్ మీరే.

పేపర్ తీసి లెక్క వేయండి. నెలకు ప్లాన్, అంటే సర్కార్ పెట్టిన టార్గెట్, 1000 మీటర్లు అనుకుందాం. బిగించనీకి రెండు దినాలు పని ఆగితే 930 వస్తది, ప్లాన్ తప్పింది, బోనస్ గోవింద, మీది ఒక్కటే గాదు కింద పనిచేసేటోళ్లది గూడ. సరే తెగించి బిగించిన్రు, వచ్చే నెల 1200 దిగింది, ఖుషీనా? వచ్చే ఏడు మీ ప్లానే 1200 అయితది! అందుకే తెలివైనోడు 1020 కాడ ఆగి మిగిలిన సత్తా దాచిపెట్టుకుంటడు. దీన్ని రాట్చెట్ ఎఫెక్ట్ అంటరు, ఆ పేరు లెక్క చూపించినంక రాయండి, ముందు రాస్తే బట్టీ కొట్టినట్టు కనవడతది.

తర్వాత సామాన్. మనకు మోటార్ కావాల్నంటే బాలానగర్ పోయి బేరమాడి తెచ్చుకుంటం, సోవియట్‌ల మాత్రం సర్కార్ సప్లై కమిటీ గోస్నాబ్ కేటాయించాలె, అది ఆలస్యమైతే తోల్కాచ్ అనే పైరవీకారుని ఊర్లు తిప్పాలె. కొత్త మిషన్‌కు కొత్త సామాన్, అంటే కొత్త తిప్పలు, ఎవడు పెట్టుకుంటడు?

సైన్స్ లేదని మాత్రం రాయకండి, తప్పు. 1957ల స్పుత్నిక్ వాళ్లదే, ఉక్కును ఆపకుండ పోత పోసే పద్ధతి 1950లల్లనే మొదలువెట్టినోళ్లల్ల వాళ్లున్నరు, గని ఫ్యాక్టరీలల్ల జల్ది పాకించింది జపానోళ్లు. కనిపెట్టుడు వేరే, షెడ్డుల నడిపిచ్చుడు వేరే.

సోవియట్ ప్రధాని కోసిగిన్ 1965ల తెచ్చిన సంస్కరణలకు రెండు లైన్లు చాలు: లాభం, అమ్మకాలు చూస్తమన్నరు, ధరలూ సామానూ మాత్రం పైనోళ్ల చేతులనే ఉంచుకున్నరు.

ఆఖరిది, మల్లేశం అన్న పేరు ఇంట్రోల ఒక్కసారి చాలు. కథంతా రాస్తే దిద్దేటోళ్లు చేనేత ప్రశ్న అనుకుంటరు.