లంక గ్రామాల్లో నర్సుగా చేరుతున్నారా?

కోనసీమ లంకల్లో డ్యూటీ పడితే ముందు గోదావరిని చూసుకోండి, తర్వాతే రిజిస్టర్లు. జులై, ఆగస్టు వరదలకి కాజ్‌వేలు మునిగితే పడవ తప్ప దారి ఉండదు, అందుకే నెలలు నిండబోయే గర్భిణుల లిస్టు జూన్‌లోనే రాసి పెట్టుకుని, నీళ్లు రాకముందే వాళ్లని ఏటిగట్టుకి ఇవతల చుట్టాలింటికో ఆసుపత్రికో పంపించండి. వాళ్ల అత్తగారితో కూడా మాట్లాడండి, చాలా ఇళ్లలో ఆవిడ మాటే చెల్లుతుంది.

టీకాల క్యారియర్‌లో ఐస్‌ప్యాక్‌లు ఫ్రీజర్ నుంచి తీసిన వెంటనే పెట్టకండి. ఊపితే లోపల నీళ్ల చప్పుడు వినిపించేదాకా ఆగండి, లేకపోతే పెంటావాలెంట్ (ఐదు జబ్బులకి కలిపి వేసే టీకా) గడ్డకట్టి పాడైపోతుంది.

పాము కరిస్తే తాడుతో బిగించి కట్టనివ్వకండి. కరిచిన కాలు కదపకుండా, యాంటీవీనమ్ ఉన్న ఆసుపత్రికి వెంటనే తీసుకెళ్లమనండి, ముందు మంత్రం వేయించుకుని వస్తామంటే అస్సలు ఒప్పుకోకండి.