శ్వాసమార్గం స్లైడ్‌ను మైక్రోస్కోప్ కింద గుర్తుపట్టడం ఎలా?

హిస్టాలజీ, అంటే కణజాలాల చదువు, ప్రాక్టికల్స్ మొదలైన కొత్తలో ఊపిరితిత్తి స్లైడ్ ముందు కూర్చున్న పిల్లలు దాదాపు అందరూ అడిగే మాట ఒకటే: "సార్, అంతా వలలాగా ఉంది, ఇందులో ఏం చూడాలి?" అలా అడగడంలో తప్పేమీ లేదు. పుస్తకంలో బొమ్మకైతే బాణాలూ పేర్లూ ఉంటాయి. స్లైడ్ మీద గులాబీ, ఊదా రంగులు తప్ప ఇంకేమీ ఉండవు.

అందుకే నేను ముందు ఒక్క విషయం చెబుతాను. గొంతు దాటి గాలి లోపలికి వెళ్లేకొద్దీ ఆ దారి గోడలోంచి ఒక్కొక్కటీ తగ్గిపోతూ వస్తుంది. స్లైడ్‌లో ఏముందో చూడటం ఎంత ముఖ్యమో, ఏది లేదో చూడటం కూడా అంతే ముఖ్యం. లేనిదాన్ని పట్టుకుంటే ఏ చోటులో ఉన్నామో చాలావరకు తెలిసిపోతుంది.

1. ముందు కంటితో, తర్వాతే లెన్సుతో

స్లైడ్‌ను వెలుతురుకు ఎత్తి మామూలుగా చూడండి. గుర్రపు నాడాలా వంపు తిరిగిన ముక్క కనిపిస్తే అది ట్రాకియా, అంటే వాయునాళం కావచ్చు. స్పాంజి ముక్కలా సన్నటి చిల్లులతో ఉంటే ఊపిరితిత్తి అనుకోవచ్చు. సగం పని ఇక్కడే అయిపోతుంది.

కవర్‌స్లిప్ పైవైపు ఉందో లేదో చూసుకుని స్లైడ్ పెట్టండి. తిరగేసి పెడితే 40ఎక్స్ లెన్సు దగ్గర ఎంత తిప్పినా ఫోకస్ కుదరదు, ఊరికే టెన్షన్. 4ఎక్స్‌తో మొదలుపెట్టి 10ఎక్స్‌కి, ఆ తర్వాతే 40ఎక్స్‌కి వెళ్లండి. 40ఎక్స్‌లో పెద్ద స్క్రూ జోలికి పోవద్దు, చిన్న స్క్రూ మాత్రమే తిప్పాలి.

మామూలుగా వాడే హెచ్ అండ్ ఇ రంగుల్లో హెమటాక్సిలిన్ కేంద్రకాలను నీలం-ఊదాగా, ఇయోసిన్ కణద్రవ్యాన్నీ కొలాజెన్ పోగులనూ గులాబీగా చూపిస్తాయి. ఇంకొకటి, స్కేలు కోసం వెతుక్కోనక్కర్లేదు. ఏదో ఒక రక్తనాళంలో ఎర్ర రక్తకణం కనిపిస్తుంది, దాని వెడల్పు సుమారు 7 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్). ఏది ఎంతుందో చెప్పాల్సి వచ్చినప్పుడు దాంతోనే కొలవండి.

2. ట్రాకియా: బయటి నుంచి లోపలికి

4ఎక్స్‌లో ముందుగా కంట్లో పడేది మృదులాస్థి, మనం ల్యాబ్‌లో కార్టిలేజ్ అనేది. మనిషి ట్రాకియాలో ఇలాంటి వంపు ముక్కలు 16 నుంచి 20 దాకా ఒకదాని కింద ఒకటి ఉంటాయి. పలకలాంటి నీలిరంగు మైదానం, దాని మధ్య చిన్న చిన్న గుంతలు, ఒక్కో గుంతలో ఒకటో రెండో కణాలు. నాడా రెండు కొసల మధ్య ఖాళీలో గులాబీ రంగు నునుపు కండరం ఉంటుంది. ఆ వెనకే అన్నవాహిక ఉంటుంది. ముద్ద మింగినప్పుడు చోటివ్వాలి కాబట్టి ఆ వైపు గట్టి గోడ లేదు.

కార్టిలేజ్‌కీ లోపలి పొరకీ మధ్య గ్రంథులు గుత్తులుగా ఉంటాయి. పాలిపోయినట్టు కనిపించేవి శ్లేష్మం తయారు చేసేవి, ముదురుగా ఉండేవి పలచటి ద్రవం తయారు చేసేవి.

3. లోపలి పొర దగ్గర కాసేపు ఆగండి

ఇక్కడ తొందరపడితే మొత్తం దెబ్బతింటుంది. 40ఎక్స్ పెట్టి, కండెన్సర్ కింది డయాఫ్రమ్ కొద్దిగా మూయండి. అంచులు తేటగా కనిపిస్తాయి.

మొదటి చూపులో కేంద్రకాలు మూడు నాలుగు వరసల్లో ఉన్నట్టుంటాయి. నిజానికి ఉన్నది ఒక్క వరస కణాలే. ప్రతి కణం కాలూ కింద ఆధార త్వచం అనే పొర మీదే ఉంటుంది, ఎత్తులు మాత్రం వేరు. అందుకే దీన్ని మిథ్యాస్తరిత ఉపకళ, అంటే వరసలున్నట్టు భ్రమ కలిగించే లోపలి పొర, అంటారు. ట్రాకియాలో ఈ ఆధార త్వచం మందంగా ఉంటుంది కాబట్టి గులాబీ గీతలా తేలిగ్గానే దొరుకుతుంది. ఆ గీతను ఆనుకుని ఉన్న గుండ్రటి చిన్న కేంద్రకాలు బేసల్ కణాలవి. పాత కణాలు రాలిపోతే వాటి చోటు నింపేవి ఇవే.

ఇప్పుడు పై అంచు చూడండి. సన్నటి వెంట్రుకల్లాంటి శైలికలు, అంటే సీలియా, కోసిన గడ్డి మొదళ్లలా నిలబడి ఉంటాయి. ఎత్తు 5 నుంచి 7 మైక్రాన్లు, అంటే సుమారు ఒక ఎర్ర రక్తకణమంత. ఒక్కో కణానికి 200 దాకా ఉంటాయి. అవి మొలిచిన చోట ముదురు గీత ఒకటి అడ్డంగా పోతుంది. ప్రతి శైలిక మొదట్లో ఉండే బేసల్ బాడీలన్నీ వరసగా చేరి అలా గీతలా కనిపిస్తాయి. ఆ గీత కనిపిస్తే అది శైలికే అని ధైర్యంగా చెప్పవచ్చు. స్లైడ్ తయారీలో శైలికలు రాలిపోయిన చోట కూడా చాలాసార్లు గీత మిగిలే ఉంటుంది.

శైలికల మధ్యలో అక్కడక్కడా తెల్లటి ఖాళీ బుడగల్లాంటివి ఉంటాయి. విద్యార్థులు వాటిని చిల్లులనుకుని వదిలేస్తుంటారు. అవి గోబ్లెట్ కణాలు. లోపలున్న శ్లేష్మం ఈ రంగులను సరిగ్గా పట్టుకోదు కాబట్టి ఖాళీగా కనిపిస్తాయి. కేంద్రకం అడుగున నొక్కుకుపోయి ఉంటుంది. అదే స్లైడ్‌ను పి.ఎ.ఎస్. రంగుతో చేస్తే ఈ కణాలే ముదురు గులాబీలో మెరుస్తాయి. ఇవి చేసిన జిగురులో దుమ్ము అతుక్కుంటుంది, శైలికలు ఆ జిగురును గొంతు వైపు నెడతాయి. మనం తెలియకుండానే మింగేస్తాం.

బ్రష్ కణాలు, నాడీ-అంతఃస్రావ కణాలు కూడా ఈ పొరలోనే ఉంటాయి. మామూలు రంగుల్లో నమ్మకంగా దొరకవు, రికార్డులో ఊహించి గీయవద్దు.

4. బ్రాంకస్ ఎక్కడ అయిపోయింది, బ్రాంకియోల్ ఎక్కడ మొదలైంది?

ట్రాకియా చీలి ఏర్పడే గొట్టం బ్రాంకస్, అది ఇంకా చీలగా వచ్చే సన్నటి కొమ్మ బ్రాంకియోల్. ఊపిరితిత్తి లోపలి బ్రాంకస్‌లో కార్టిలేజ్ నాడాలా కాకుండా విడివిడి దీవుల్లా ఉంటుంది. నునుపు కండరం కార్టిలేజ్‌కి లోపలి పక్కన చుట్టూ పట్టీలా తిరుగుతుంది. గ్రంథులు ఇంకా ఉంటాయి.

బ్రాంకియోల్‌కి వచ్చేసరికి కార్టిలేజ్ లేదు, గ్రంథులూ లేవు. ఈ రెండూ లేవని తేల్చుకుంటే చాలు, వేరే రుజువు అక్కర్లేదు. వెడల్పు సుమారు 1 మిల్లీమీటరు లేదా అంతకంటే తక్కువ. కండరం బిగుసుకోవడం వల్ల లోపలి పొర ముడతలు పడి దారి నక్షత్రంలా కనిపిస్తుంది. ఆస్తమాలో ఊపిరి ఎందుకు బిగుస్తుందో ఇక్కడ కళ్లారా చూడవచ్చు. చుట్టూ కండరం ఉంది, తెరిచి పట్టుకునే కార్టిలేజ్ లేదు.

మరో వరస గమనించండి. గోబ్లెట్ కణాలు ముందు అయిపోతాయి, శైలికలు ఇంకొంత దూరం వస్తాయి. ఇది నాకు ఎప్పుడు చూసినా ముచ్చటేస్తుంది. జిగురు ఉండి ఊడ్చేవాళ్లు లేకపోతే సన్నటి గొట్టాలు మూసుకుపోతాయి కదా.

గోబ్లెట్ కణాలు పోయిన చోట, శైలికలు లేకుండా తల గుమ్మటంలా ఉబ్బి ఉండే క్లబ్ కణాలు కనిపిస్తాయి. పాత పుస్తకాల్లో వీటిని క్లారా కణాలంటారు. వీటిని 1937లో వర్ణించిన మాక్స్ క్లారా నాజీ పార్టీ మనిషి, ఉరితీసిన ఖైదీల కణజాలం వాడాడు. ఆ కారణంతోనే 2013 నుంచి శ్వాసకోశ వైద్య పత్రికలు ఈ కణాల పేరు మార్చాయి. మీరు కూడా కొత్త పేరే రాయండి.

బ్రాంకియోల్ పక్కనే పుపుస ధమని కొమ్మ నడుస్తుంది. రెండూ గుండ్రంగా ఉండటంతో తికమక పడతారు. ధమని లోపలి పొర పలచగా, బల్లపరుపుగా ఉంటుంది. రక్తకణాలూ ఉంటే ఇక సందేహమే లేదు.

5. వాయుగోణులు

బ్రాంకియోల్ గోడలోనే అక్కడక్కడా వాయుగోణులు, అంటే చిన్న చిన్న గాలి గదులు, తెరుచుకుంటే అది శ్వాసక్రియ బ్రాంకియోల్. గోడ దాదాపు పోయి, ద్వారాల దగ్గర గులాబీ గుండీల్లా కండరం ముక్కలు మాత్రమే మిగిలితే అది ఆల్వియోలార్ డక్ట్. ఆ తర్వాత అంతా గదులే, ఒక్కో గది వెడల్పు సుమారు 200 మైక్రాన్లు.

గదుల మధ్య గోడలో బల్లపరుపు కేంద్రకాలు కనిపిస్తాయి. అవి టైప్ 1 కణానివా, పక్కనున్న రక్తకేశనాళికవా అని మామూలు మైక్రోస్కోప్‌లో తేల్చడం చాలా కష్టం. తెలిసినట్టు చూపించవద్దు. టైప్ 2 కణాలు మాత్రం తేలిగ్గానే దొరుకుతాయి. గది మూలల్లో గుండ్రటి కేంద్రకంతో, నురగలాంటి కణద్రవ్యంతో కొద్దిగా పొడుచుకొచ్చి ఉంటాయి. గది ముడుచుకుపోకుండా ఉంచే సర్ఫాక్టెంట్ తయారు చేసేది ఇవే. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలకు ఊపిరి కష్టమయ్యేది అది చాలకనే.

గది మధ్యలో ఒంటరిగా, లోపల నల్లటి పొడితో ఉన్న పెద్ద కణం మాక్రోఫేజ్, దుమ్మును మింగే కణం. ఆ నలుపు ఆ మనిషి పీల్చిన పొగ, మసి.

6. పొరపాటు పడే చోట్లు

చదువుకునే రోజుల్లో ఒక ప్రాక్టికల్ పరీక్షలో నేను థైరాయిడ్‌ను ఊపిరితిత్తి అని రాశాను. గుండ్రటి గదులు చూసి ఆగిపోయాను, గదుల్లో ఏముందో చూడలేదు. థైరాయిడ్ గదుల నిండా కొల్లాయిడ్ అనే గులాబీ రంగు చిక్కటి పదార్థం ఉంటుంది. ఊపిరితిత్తి గదులు ఖాళీగా, ఒకదాంట్లోకి ఒకటి తెరుచుకుని ఉంటాయి. కొవ్వులో ఒక్కో గుండ్రమూ ఒక్కో మూసిన కణం, కేంద్రకం అంచుకు నెట్టుకుపోయి ఉంటుంది.

స్వరతంత్రుల మీద పలకల్లాంటి కణాలు వరసలు వరసలుగా ఉన్న స్తరిత ఉపకళ ఉండటం సహజం, అక్కడ రాపిడి ఎక్కువ. అదే పొర బ్రాంకస్‌లో కనిపిస్తే మాత్రం దీర్ఘకాలం పొగ తాగిన గుర్తు కావచ్చు.

7. తెమడ స్లైడ్ అయితే

ల్యాబ్‌లో పనిచేసేవాళ్లకు కోసిన కణజాలం కంటే తెమడే ఎక్కువగా వస్తుంది. బ్యాక్టీరియా కల్చర్‌కు పంపేముందు గ్రామ్ రంగు వేసి 10ఎక్స్‌లో చూడండి. ఒక్కో ఫీల్డ్‌లో, అంటే ఒకసారికి కంటికి కనిపించే వృత్తంలో, చీము కణాలు 25 కంటే ఎక్కువ, నోటి పలక కణాలు 10 కంటే తక్కువ ఉంటే నమూనా మంచిదే. మాక్రోఫేజ్‌లు కనిపిస్తే అది ఊపిరితిత్తి లోతు నుంచి వచ్చినట్టే. నోటి కణాలే గుంపులుగా ఉంటే అది ఉమ్మి. దాన్ని పక్కన పెట్టి, ఉదయం లేవగానే నీళ్లతో నోరు పుక్కిలించి, గట్టిగా ఊపిరి పీల్చి దగ్గి తీసిన తెమడ మళ్లీ తెమ్మని చెప్పండి.