అంతర్యుద్ధ సైనికుడి పెన్షన్ ఫైలు: దరఖాస్తులో ఏ నంబరు రాయాలి?

అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యంలో పనిచేసిన పూర్వీకుడి సంసారం సంగతులు ఒక్కచోట దొరకాలంటే పెన్షన్ ఫైలే దిక్కు. ఆ రోజుల్లో చాలా రాష్ట్రాల్లో జనన, వివాహ నమోదు సరిగా లేదు. 1890 జనగణన పత్రాలు 1921 అగ్నిప్రమాదం తర్వాత దాదాపు మిగల్లేదు. కానీ భర్త పోయిన భార్యకు పెన్షన్ రావాలంటే పెళ్లి ఎప్పుడైందో, చిన్నపిల్లలు ఎందరో రుజువు చూపాల్సిందే. ఇంటి బైబిల్లో పుట్టినరోజులు రాసుకున్న పేజీనే చించి పంపినవాళ్లూ ఉన్నారు. ఆ పేజీలు నేటికీ ఆ ఫైళ్లలో కనిపిస్తాయి.

ఫైలు నకలు ఇచ్చేది వాషింగ్టన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్. వాళ్ల సైటులో ఖాతా తెరిచి, ఎన్ఏటీఎఫ్ 85డి అనే పెన్షన్ ఫైలు ఫారం ఎంచుకుని, కార్డుతో కట్టడం పది నిమిషాల పని. 86వ నంబరు ఫారం జోలికి పోకండి, అది సర్వీసు రికార్డుకు. చేరిన తేదీ, వయసు, హాజరు ఉంటాయి గానీ భార్యాపిల్లల ఊసు ఉండదు.

చిక్కంతా నంబరు దగ్గరే. ముందుగా వంశవృక్షాల సైటు ఫ్యామిలీసెర్చ్‌లో ఉచితంగా దొరికే పెన్షన్ సూచిక కార్డు చూడండి. పైన సైనికుడి పేరు, దళం. కింద ఇన్‌వాలిడ్ (సైనికుడే), విడో (భార్య), మైనర్ (చిన్నపిల్లలు) అని మూడు వరుసలు. ప్రతి వరుసలోనూ దరఖాస్తు తేదీ, దరఖాస్తు నంబరు, సర్టిఫికెట్ నంబరు, రాష్ట్రం. చాలామంది మొదటి వరుసలో కనబడ్డ మొదటి నంబరే రాసేస్తారు. భర్త పోయాక భార్యకు పెన్షన్ మంజూరైతే ఆయన కాగితాలు తీసి ఆమె ఫైల్లో కలిపేసేవారు. అందుకని అన్నిటికన్నా చివర మంజూరైన సర్టిఫికెట్ నంబరు ముఖ్యం. కార్డు మీదున్న నంబర్లన్నీ రాసి ఇవ్వండి, నష్టమేమీ లేదు.

సర్టిఫికెట్ గడి ఖాళీగా ఉందా? పెన్షన్ ఇవ్వలేదని అర్థం, ఫైలు లేదని కాదు. దరఖాస్తు నంబరుతోనే అడగండి. తిరస్కరించిన ఫైళ్లలో సాక్షుల వాంగ్మూలాలు ఒక్కోసారి ఎక్కువే ఉంటాయి. నంబరు ముందు 'సి' గానీ 'ఎక్స్‌సీ' గానీ ఉంటే మాత్రం ఆ ఫైలు తర్వాతి కాలంలో వెటరన్స్ (మాజీ సైనికుల) శాఖకు వెళ్లినది. దాన్ని వాషింగ్టన్‌లో అడిగి లాభం ఉండకపోవచ్చు.

ఒకే పేరుతో పదిమంది తగిలితే దళం తెలియాలి. సమాధి రాయి మీద చూడండి. 1910లో బతికే ఉంటే ఆ జనగణన 30వ గడిలో 'యూఏ' అని ఉంటుంది, ఉత్తరాది సైన్యం అని. అక్కడ 'సీఏ' అని ఉంటే దక్షిణాది సైనికుడు. ఆయనకు కేంద్రం పెన్షన్ ఇవ్వలేదు. దక్షిణాది రాష్ట్రాలు తర్వాత సొంతంగా ఇచ్చాయి. యుద్ధం చేసిన రాష్ట్రంలో కాదు, పెన్షన్ అడిగిన నాటికి ఆయన ఉంటున్న రాష్ట్రపు ఆర్కైవ్స్‌లో వెతకాలి.

85డి రుసుము 100 పేజీల వరకు 80 డాలర్లుగా ఉంటూ వచ్చింది, పైన పేజీకి 70 సెంట్లు. కట్టే ముందు సైటులో నేటి రేటు చూసుకోండి. ఇదే పనికి ఇంతకు రెండింతలు అడిగే మధ్యవర్తులున్నారు. వాళ్లు నింపేదీ ఈ ఫారమే, రాసేదీ మీరు ఇచ్చిన నంబరే. అసలు డబ్బు కట్టే ముందు సైనిక రికార్డుల సైటు ఫోల్డ్3లో ఓసారి వెతకండి. వితంతువుల ఫైళ్లు కొన్ని అక్కడ స్కాన్ చేసి పెట్టారు. వాషింగ్టన్ దగ్గర్లో మీవాళ్లెవరైనా ఉంటే ఆర్కైవ్స్‌కే వెళ్లి చూడొచ్చు, అక్కడ పరిశోధకుల కార్డు ఉచితమే. ఫైలు తెప్పించుకుని, ఫ్లాష్ లేకుండా ఫోన్‌తో ప్రతి పేజీ ఫొటో తీసుకోవచ్చు.