ఇంటి గోడకు పాత ప్రింటు: అసలుదా, నకలుదా? ఎలా ఎంచుకోవాలి?

పాత పక్షుల బొమ్మలు, మొక్కల బొమ్మలు, నగర దృశ్యాలు పటం కట్టించి పెట్టుకుంటే గదికి అందం వస్తుంది. కొనేటప్పుడు మాత్రం చాలామంది ‘ఏది గొప్ప’ అన్న దగ్గరే ఆగిపోతారు. నన్నడిగితే ముందు చూడాల్సింది గోడని, ఆ తర్వాతే బొమ్మని.

1. ‘అసలుది’ అంటే ఏమిటో తెలుసుకోండి

ప్రింట్ల విషయంలో అసలుది అంటే చిత్రకారుడు చేత్తో వేసిన ఒకే ఒక్క బొమ్మ కాదు. రాగి రేకు మీదో, చెక్క మీదో, రాతి మీదో బొమ్మను సిద్ధం చేసి, ఆ కాలంలోనే అచ్చు తీసిన కాగితం. ఒక్క రేకు నుంచి వందల ప్రతులు రావచ్చు. రవివర్మ 1894లో పెట్టిన ప్రెస్సు నుంచి వచ్చిన దేవతల బొమ్మలు నిజానికి ఆయన తైలవర్ణ చిత్రాలకు నకళ్లే. అయినా ఆనాటి రాతి అచ్చు కాబట్టి వాటిని అసలు ప్రింట్లుగానే లెక్కిస్తారు.

ఆ కాలపు అసలు ప్రింటుకీ, దాన్ని చూసి ఇప్పుడు వేసే నకలుకీ మధ్య ఇంకో రకం ఉంది: పాత రేకుతోనే తర్వాతి కాలంలో తీసిన ప్రతులు. ఇటలీ చిత్రకారుడు పిరనేసి 1778లో చనిపోయాక కూడా ఆయన చెక్కిన రోము దృశ్యాల రేకులతో ఏళ్ల తరబడి అచ్చు వేస్తూనే వచ్చారు. రేకు అరిగేకొద్దీ సన్నగీతలు మాసిపోతాయి. అందుకే అమ్మేవాళ్లను ‘బొమ్మ ఎప్పటిది’ అని కాదు, ‘ఈ కాగితం ఎప్పుడు అచ్చయింది’ అని అడగాలి.

2. గోడని పరీక్షించండి

ఎండ పడే గోడకు, చెమ్మ ఎక్కే గోడకు, వంటగదికి, స్నానాలగది పక్కకి నకలే సరైనది. ఇందులో రెండో మాట లేదు. చేత్తో అద్దిన పాత రంగులు వెలుతురుకి వెలిసిపోతాయి, వెలిసింది మళ్లీ రాదు. మ్యూజియాలు కాగితం మీది బొమ్మలకు వెలుతురును సాధారణంగా 50 లక్స్ (లక్స్ అంటే వెలుతురు కొలత; 50 అంటే మసక వెలుతురే) దగ్గరే ఉంచుతాయంటే ఊహించుకోండి.

దూరం కూడా చూడండి. పాత ప్రింట్లలో చాలావరకు పుస్తకాల్లోంచి వచ్చిన పేజీలే. పెద్ద సోఫా వెనక గోడ మీద అలాంటిది ఒకటి పెడితే తపాలా బిళ్లలా కనిపిస్తుంది. అసలు ప్రింటు అందమంతా దగ్గరికెళ్లి చూస్తేనే తెలుస్తుంది. చదువుకునే బల్ల పక్కనో, నడవాలోనో, కంటికెదురుగా ఉండే చోటు దానికి తగినది.

3. భూతద్దం పట్టండి

పదిరెట్లు పెద్దగా చూపించే భూతద్దం ఒకటి కొనుక్కుంటే చాలా మోసాలు తప్పుతాయి. ఇవి చూడండి:

- రంగుచుక్కలు వరసల్లోనో, చిన్న పువ్వుల్లాగో క్రమంగా పేరుకుని ఉంటే అది ఫొటో ఆధారంగా వేసిన ఆధునిక అచ్చు. చుక్కల అచ్చు పద్ధతి వాడుకలోకి వచ్చిందే 1880ల్లో. ‘1820 నాటిది’ అంటూ చూపించిన బొమ్మలో అవి కనిపిస్తే ఇక మాట్లాడేదేం లేదు.
- ఇంక్‌జెట్ అయితే గీత అంచులో కూడా సన్నటి తుంపర కనిపిస్తుంది.
- రాగి రేకు గీతలో చుక్కలుండవు. సిరా నిండుగా, కాగితం మీద కాస్త ఉబ్బి ఉంటుంది.
- రాతి అచ్చులో గరుకు రేణువులు అడ్డదిడ్డంగా ఉంటాయి. పాత రంగుల రాతి అచ్చుల్లోనూ చుక్కలుంటాయి గానీ వాటికి క్రమం ఉండదు. ఇక్కడ తొందరపడి ‘నకలు’ అనేయకండి.

రేకు అంచు నొక్కిన గుర్తు కాగితంలో పల్లంగా కనిపిస్తే సంతోషించండి, పూర్తిగా నమ్మకండి. దాన్ని కృత్రిమంగానూ నొక్కుతారు. చెక్క అచ్చుకీ రాతి అచ్చుకీ మామూలుగా అది ఉండనే ఉండదు.

కొలత చాలా విషయాలు బయటపెడుతుంది. అమెరికా పక్షుల చిత్రకారుడు ఆడుబన్ బొమ్మల తొలి ముద్రణ (1827–38) కాగితాలు దాదాపు 39 అంగుళాల పొడవు, 26 అంగుళాల వెడల్పు. వెలుతురుకి పట్టి చూస్తే కాగితం తయారుచేసిన వాట్‌మన్ కంపెనీ పేరు, సంవత్సరం నీటిగుర్తుగా కనిపిస్తాయి. చేతి పుస్తకమంత సైజులో ఉన్నది ఆ ముద్రణది కాదు.

కాగితం వయసు తేల్చడానికి అతినీలలోహిత టార్చి పనికొస్తుంది. 20వ శతాబ్దం మధ్య నుంచి కాగితానికి కలుపుతున్న తెలుపుమందు దాని కింద నీలంగా మెరుస్తుంది. మెరవనంత మాత్రాన పాతదని అనుకోవద్దు. పాతబడిన కాగితం మీద వచ్చే గోధుమరంగు మచ్చల్నీ భూతద్దంలో చూడండి: నకలులో ఆ మచ్చలు కూడా చుక్కలతోనే అచ్చయి ఉంటాయి.

4. అసలుదే కొంటుంటే

ఫ్రేములోంచి తీయించి వెనక వైపు చూడనిదే డబ్బు ఇవ్వకండి. అంచులు కత్తిరించారా, టేపు అంటించారా, అట్టకి అతికించేశారా అన్నది అక్కడే తెలుస్తుంది. రంగులు అప్పటివా, తర్వాత ఎవరైనా అద్దినవా అని అడిగి, ముద్రణ పద్ధతి, సంవత్సరంతో సహా రసీదు మీద రాయించుకోండి. రాయడానికి తటపటాయిస్తే వదిలేసి వచ్చేయండి. అనుమానాస్పదమైన అసలు ప్రతి కన్నా నిజాయితీగల నకలు వెయ్యిరెట్లు నయం.

5. నకలే మేలనుకుంటే

రెడీమేడ్ పోస్టరుతో సరిపెట్టుకోనక్కర్లేదు. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్‌మ్యూజియం, న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం కాపీరైటు తీరిన వేల బొమ్మల్ని మంచి నాణ్యతతో ఉచితంగానే దించుకోనిస్తాయి. అంగుళానికి 300 చుక్కల చొప్పున ఏ3 సైజుకి 3508 × 4961 పిక్సెళ్ల ఫైలు కావాలి. పిగ్మెంట్ సిరాతో (సన్నటి రంగుపొడి కలిపిన సిరా), మెరుపులేని నూలు కాగితం మీద వేయించండి. అసలు సైజుని మించి మరీ పెంచితే సన్నగీతలు మోటుగా తేలతాయి. పాతదిలా కనిపించాలని కృత్రిమంగా పసుపు పూయించడం నాకైతే నచ్చదు. శుభ్రమైన నకలే అందంగా ఉంటుంది.

6. పటం కట్టించేటప్పుడు

ఆమ్లం లేని మౌంటు అట్ట వాడాలి. బొమ్మ అద్దానికి తగలకూడదు. అసలు ప్రతి అయితే పలచటి జపాను కాగితం, గోధుమ గంజితో పై అంచున మాత్రమే పట్టించాలి. సెల్లోటేపు తాకనివ్వకండి, దాని జిగురు మరక వదలదు. అతినీలలోహిత కిరణాల్ని ఆపే అద్దం మంచిదే గానీ, మామూలు వెలుతురు కూడా రంగుల్ని తింటుంది. కాబట్టి ఆ అద్దం ఉంది కదా అని ఎండలో వేలాడదీయకండి.

నకలు పటం వెనక అట్ట మీద పెన్సిలుతో ‘నకలు’ అనీ, ఏ మ్యూజియం ఫైలో, ఏ సంవత్సరం వేయించారో కూడా రాసిపెట్టండి. రేపు ఆ పటం చేతులు మారినప్పుడు కొన్నవాళ్లు మోసపోకుండా ఉంటారు.